చదరపు తెరచాపల ఓడలో పై చాపలను గుర్తించడం, పేరు పెట్టి చెప్పడం: సమగ్ర మార్గదర్శి

మూడు స్తంభాల పెద్ద ఓడ తన తెరచాపలన్నీ విప్పుకుని సాగుతున్న చిత్రం మొదటిసారి చూసినవారికి అదంతా తెల్లని గుట్టలాగా కనిపిస్తుంది. ఆ గుట్టలో ప్రతి చాపకూ ఒక పేరుంది, ఆ పేరుకు ఒక స్థానముంది, దాన్ని ఎప్పుడు విప్పాలో ఎప్పుడు చుట్టాలో ఒక నియమముంది. ఇరవై పాతిక పేర్లను విడివిడిగా బట్టీ పట్టనక్కరలేదు. స్తంభాల పేర్లు మూడు, అంతస్తుల పేర్లు అయిదారు తెలిస్తే, ఒకదాని పక్కన ఇంకొకటి చేర్చి ఏ చాప పేరైనా చెప్పవచ్చు. స్తంభం పేరు చెప్పడం తేలిక. తప్పులన్నీ అంతస్తును లెక్కపెట్టడంలోనే జరుగుతాయి కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే కేటాయించాను. ఓడల నమూనాలు తయారు చేసేవారికి, కంపెనీ కాలపు సముద్రయాన రచనలను తెలుగులోకి తెచ్చేవారికి, రేవుకు వచ్చిన నౌకాదళ శిక్షణ నౌకను చూసి వివరం తెలుసుకోదలచినవారికి ఇది పనికివస్తుంది.

ముందుగా మాటల సంగతి. ఇక్కడ నిలువుగా ఉండేదాన్ని స్తంభమని, దానికి అడ్డంగా వేలాడుతూ చాపను మోసేదాన్ని అడ్డకొయ్య అని అంటాను. పై చాపల పేర్లను మాత్రం ఇంగ్లిషు నావికులు వాడినట్లే ఉంచుతున్నాను. వాటికి కొత్తగా తెలుగు పేర్లు కల్పిస్తే పాత లాగ్‌బుక్కులతో, నౌకా పటాలతో పోల్చి చూసుకోవడం పాఠకునికి సాధ్యం కాదు. ఆ ఓడలలో పనిచేసిన కళాసీలు కూడా పరాయి మాటలను తమ నోటికి తగినట్లు మలచుకుని వాడుకున్నవారే. పోర్చుగీసు నావికుల గావియా వారి నోట గావీ అయి టాప్‌సెయిల్‌కు పేరయింది. ముందు స్తంభాన్ని వారు త్రికత్ అన్నారు, అదీ పోర్చుగీసు మాటే.

మొదటి మెట్టు: ఓడ రకాన్ని తేల్చుకోవడం

చదరపు చాప అంటే ఆకారంలో కచ్చితమైన చదరం కాదు. ఓడ పొడవుకు అడ్డంగా, స్తంభానికి రెండు పక్కలా సమంగా పరచుకునే చాప అని అర్థం. పైకి పోయేకొద్దీ అడ్డకొయ్యలు పొట్టివవుతాయి కనుక ప్రతి చాపా పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటుంది. ఓడ పొడవు వెంబడి, పుస్తకం పేజీలాగా స్తంభానికి ఒక పక్కన ఉండే చాపలు వేరే జాతి. మన లెక్కలోకి అవి రావు.

ఇప్పుడు ఏయే స్తంభాల మీద చదరపు చాపలున్నాయో చూడండి. మూడు గాని అంతకంటే ఎక్కువ గాని స్తంభాలుండి, అన్నిటి మీదా చదరపు చాపలుంటే దాన్ని ఫుల్ రిగ్డ్ షిప్ అంటారు. చివరి స్తంభం మీద మాత్రం చదరపు చాపలు లేకపోతే అది బార్క్. ముందు స్తంభం మీద మాత్రమే ఉంటే బార్కెంటైన్. రెండే స్తంభాలుండి రెండింటి మీదా చదరపు చాపలుంటే బ్రిగ్. మన నౌకాదళపు ఐఎన్ఎస్ తరంగిణి మూడు స్తంభాల బార్క్. 1997లో సేవలో చేరిన ఈ ఓడ 2003-04లో ప్రపంచాన్ని చుట్టివచ్చింది. 2012లో చేరిన ఐఎన్ఎస్ సుదర్శిని కూడా ఆ రకానిదే. కోరంగి రేవు చరిత్ర చదివేవారికి, అంటే బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలవడానికి కారణమైన ఆ రేవు గురించి చదివేవారికి, బ్రిగ్ అనే మాటా, దానికి దగ్గరి చుట్టమైన స్నో అనే మాటా బంగాళాఖాతపు ఓడల జాబితాలలో తరచుగా ఎదురవుతాయి.

స్తంభాల పేర్లు ముందు నుంచి వెనక్కి వరుసగా ఫోర్, మెయిన్, మిజెన్. నాలుగో స్తంభముంటే అది జిగ్గర్. చాప పూర్తి పేరులో మొదట వచ్చేది ఈ మాటే.

రెండో మెట్టు: స్తంభం అతుకులను చూడటం

పాత ఓడ స్తంభం ఒకే మాను కాదు. ఓడ అడుగు నుంచి లేచేది లోయర్ మాస్ట్, దాని తల దగ్గర ముందువైపు ఆనించి పైకి నిలిపినది టాప్‌మాస్ట్, దాని తల దగ్గర మళ్లీ అలాగే నిలిపినది టాప్‌గాలెంట్ మాస్ట్. ప్రతి అతుకు దగ్గర కింది కొయ్య తల, పై కొయ్య మొదలు కొంత దూరం ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. దూరం నుంచి చూసినా అక్కడ స్తంభం రెండింతలు లావుగా కనిపిస్తుంది.

ఈ అతుకులే మనకు కొండగుర్తులు. మొదటి అతుకు దగ్గర మనుషులు నిలబడగలిగినంత వేదిక ఉంటుంది, దాని పేరు టాప్. యుద్ధనౌకలలో తుపాకీ పట్టినవారు నిలబడే చోటు కూడా అదే. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్‌కు తగిలిన గుండు ఫ్రెంచి ఓడ రెడూటాబ్ల్ మిజెన్ టాప్ మీది నుంచి వచ్చినదే. రెండో అతుకు దగ్గర వేదిక ఉండదు. పై తాళ్లను ఎడంగా పట్టి ఉంచే సన్నని అడ్డకర్రలు మాత్రం ఉంటాయి, వాటిని క్రాస్‌ట్రీస్ అంటారు. బొమ్మలో చాపల వెనుక స్తంభం దాగిపోయినప్పటికీ ఈ రెండు గుర్తులలో ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. వెతకడం మానకండి.

ఏ చాప స్తంభంలోని ఏ ముక్క మీద వేలాడుతుందో ఆ ముక్క పేరే సాధారణంగా ఆ చాపకు వస్తుంది. టాప్‌మాస్ట్ మీది చాప టాప్‌సెయిల్, టాప్‌గాలెంట్ మాస్ట్ మీది చాప టాప్‌గాలెంట్ సెయిల్. దానికి పైన అదే కొయ్య సన్నగా సాగిన భాగం మీద రాయల్. 19వ శతాబ్దం చివర వచ్చిన ఉక్కు ఓడలలో లోయర్ మాస్ట్, టాప్‌మాస్ట్ కలిపి ఒకే గొట్టంగా చేసినవి చాలా ఉన్నాయి. అతుకు పోయినా టాప్ వేదిక మాత్రం మిగిలింది.

మూడో మెట్టు: టాప్‌సెయిల్‌ను పట్టుకోవడం

లెక్క పైనుంచి మొదలుపెట్టడం చాలామంది చేసే పని. అది తప్పుదారి. అన్నిటికంటే పైనున్నది రాయలేనని ఎవరు చెప్పారు? కొన్ని ఓడలకు రాయల్ లేదు, కొన్నింటికి దానికి పైన ఇంకొకటి ఉంది. కింది నుంచి లెక్కపెట్టాలి, అందులోనూ టాప్‌సెయిల్‌ను ఆధారంగా చేసుకోవాలి.

అట్టడుగు చదరపు చాప పేరు కోర్స్. దీన్ని గుర్తించే మార్గం సులువు. కోర్స్ కింది అంచుకు దిగువన అడ్డకొయ్య ఏదీ ఉండదు, దాని కింది మూలల నుంచి తాళ్లు నేరుగా డెక్ మీదికో ఓడ పక్కలకో వస్తాయి. టాప్‌సెయిల్ కింది మూలలు అలా గాలిలో వదిలి ఉండవు. కోర్స్‌ను మోసే అడ్డకొయ్య రెండు చివరలకు వాటిని షీట్ అనే తాడుతోనో గొలుసుతోనో బిగిస్తారు. పై చాపలన్నిటికీ ఇదే పద్ధతి. ప్రతి చాపా తల దగ్గర తన సొంత అడ్డకొయ్యను, కింద పొరుగు అడ్డకొయ్యను పట్టుకుని సాగుతుంది. కాబట్టి కింద అడ్డకొయ్య లేని చాప కోర్స్, దాని మీదిది టాప్‌సెయిల్.

మిజెన్ స్తంభం దగ్గర జాగ్రత్త అవసరం. అక్కడి అట్టడుగు అడ్డకొయ్యను క్రాస్‌జాక్ అంటారు, నావికుల నోట అది క్రోజిక్ అవుతుంది. యుద్ధనౌకలలో ఆ కొయ్యకు చాప కట్టేవారు కాదు. మిజెన్ టాప్‌సెయిల్ కింది అంచును సాగదీసి పట్టడమే దాని పని. దాని కింద చాప లేదు కదా అని పైనున్న టాప్‌సెయిల్‌ను కోర్స్‌గా లెక్కిస్తే ఆ స్తంభం మీది పేర్లన్నీ ఒక అంతస్తు కిందికి జారిపోతాయి. ఖాళీ కొయ్యనైనా ఒక అంతస్తుగానే లెక్కపెట్టాలి.

టాప్‌సెయిల్‌ను ఆధారంగా తీసుకొమ్మనడానికి కారణముంది. 18వ శతాబ్దపు యుద్ధనౌకకు అసలైన చాప అదే. శత్రువుకు ఎదురెళ్లేటప్పుడు కోర్స్‌లను పైకి ముడిచి, పై చాపలను చుట్టి, టాప్‌సెయిళ్ల మీదనే ఓడను నడిపేవారు. డెక్ మీద చూపుకు అడ్డం రాదు, తుపాకుల నిప్పుకు దూరంగా ఉంటుంది, గాలిని కూడా బాగా పడుతుంది. దాని పరిమాణం ఊహకు అందాలంటే నెల్సన్ ఓడ హెచ్ఎంఎస్ విక్టరీ ముందు స్తంభపు టాప్‌సెయిల్‌ను తలచుకోవాలి. ట్రఫాల్గర్‌లో వాడిన ఆ చాప ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో భద్రంగా ఉంది. కింది అంచు 80 అడుగులు, పై అంచు 54 అడుగులు, ఎత్తు 54 అడుగులు. గుండ్లూ శకలాలూ దూసుకుపోయిన రంధ్రాలు అందులో 90 వరకు ఉన్నాయి. దాన్ని దగ్గరగా చూస్తే ఒకే గుడ్డగా ఉండదు. నిలువు పట్టీలు పట్టీలుగా కుట్టి, అంచులన్నిటికీ లావైన తాడు చేర్చి కుట్టిన నారగుడ్డ అది. చాప చిరిగిపోకుండా ఆపేది గుడ్డకంటే ఎక్కువగా ఆ అంచు తాడే.

నాలుగో మెట్టు: టాప్‌సెయిల్ ఒకటా, రెండా

ఈ మెట్టు దగ్గర తొందరపడితే పైనున్నదంతా తారుమారవుతుంది.

అంత పెద్ద టాప్‌సెయిల్‌ను గాలి పెరిగినప్పుడు చిన్నది చేయడానికి అడ్డంగా మూడు నాలుగు వరుసలలో పొట్టి తాళ్లు కుట్టి ఉంచేవారు. కళాసీలు అడ్డకొయ్య మీదికి వెళ్లి, చాపను ఒక వరుస మేరకు పైకి లాగి, ఆ తాళ్లతో కొయ్యకు కట్టేవారు. దీన్నే రీఫ్ చేయడమంటారు. తడిసి బిగిసిన గుడ్డను తుపానుగాలిలో వేళ్లతో పట్టి లాగే ఈ పనికి చాలామంది మనుషులు కావాలి. యుద్ధనౌకలో మనుషులకు కొదవ లేదు. జీతాలు లెక్కచూసుకునే సరుకుల ఓడలో ఆ సౌకర్యం లేదు.

అందుకే చాపను అడ్డంగా రెండుగా కోశారు. 1841లో అమెరికన్ రాబర్ట్ బెనెట్ ఫోర్బ్స్ ఒక విధంగా దీన్ని అమలు చేశాడు. మాసచూసెట్స్‌కు చెందిన కెప్టెన్ ఫ్రెడరిక్ హోస్ 1854లో పేటెంటు పొందిన అమరికే తరువాత అంతటా స్థిరపడింది. ఇందులో లోయర్ టాప్‌సెయిల్‌ను మోసే అడ్డకొయ్య లోయర్ మాస్ట్ తల దగ్గర కదలకుండా బిగించి ఉంటుంది, పైకీ కిందికీ జరగదు. దాని పైన అప్పర్ టాప్‌సెయిల్ అడ్డకొయ్య మాత్రం హాల్‌యార్డ్ అనే తాడుతో టాప్‌మాస్ట్ వెంట పైకి లేస్తుంది, తాడు వదిలితే దిగుతుంది. గాలి ముదిరితే ఆ తాడు వదిలితే చాలు. పై కొయ్య జారివచ్చి కింది కొయ్య మీద వాలుతుంది, అప్పర్ టాప్‌సెయిల్ గాలి కోల్పోతుంది, ఓడ మీద మిగిలేది పూర్తిగా రీఫ్ చేసిన టాప్‌సెయిల్‌తో సమానమైన లోయర్ టాప్‌సెయిలే. అంతకుముందు గంటసేపు పట్టే పనిని ఒక తాడు చేసిపెట్టింది. తెరచాపల చరిత్రలో ఇంతకంటే పనికివచ్చిన మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఒకటా రెండా తేల్చడానికి ముందు చాప పొడుగు చూడండి. ఒంటి టాప్‌సెయిల్ నిలువుగా పొడవుగా, తరచుగా ఓడ మీది చాపలన్నిటిలో ఎక్కువ ఎత్తుతో ఉంటుంది. జంట టాప్‌సెయిళ్లు పొట్టిగా, అడ్డంగా సాగిన పట్టీలలాగా ఉంటాయి. తరువాత రీఫ్ తాళ్ల వరుసలు చూడండి. మూడు నాలుగు వరుసలు కనబడితే అది ఒంటి టాప్‌సెయిలే. ఓడ లంగరు వేసి చాపలన్నీ చుట్టి ఉన్నప్పుడు మరింత తేలికగా తెలుస్తుంది. టాప్ వేదికకు కాస్త పైన రెండు అడ్డకొయ్యలు దాదాపు ఆనుకున్నట్లు దగ్గరగా ఉంటే జంట టాప్‌సెయిళ్లు, ఒక్క కొయ్యే ఉంటే ఒంటి టాప్‌సెయిల్. రేవులో తీసిన పాత ఫోటోలలో ఈ గుర్తు చాలావరకు మోసం చేయదు.

కాలం కూడా సాయం చేస్తుంది. ఓడ బొమ్మ 1840కి ముందటిదైతే జంట టాప్‌సెయిళ్ల మాట తలపెట్టనక్కరలేదు. 1817లో బొంబాయిలో జంషెట్జీ బొమన్జీ వాడియా టేకుతో కట్టిన హెచ్ఎంఎస్ ట్రింకోమలీ ఇప్పుడు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటిమీద తేలుతూనే ఉంది. ఒంటి టాప్‌సెయిళ్ల అమరిక నేర్చుకోవాలంటే అంతకంటే మంచి నమూనా దొరకదు.

ఐదో మెట్టు: టాప్‌గాలెంట్, రాయల్

క్రాస్‌ట్రీస్ దాటాక వచ్చేది టాప్‌గాలెంట్. నావికులు దీన్ని ట్గాలెంట్ అని మింగేస్తారు. టాప్‌సెయిళ్ల తరువాత కొన్నాళ్లకు పెద్ద సరుకు ఓడలలో దీన్ని కూడా లోయర్, అప్పర్ అని రెండు చేశారు. సూత్రం అదే: కింది కొయ్య కదలదు, పైది లేస్తుంది, దిగుతుంది.

టాప్‌గాలెంట్‌కు పైన రాయల్. యుద్ధనౌకలలో ఇది మంచి వాతావరణపు చాప. గాలి ముదిరే సూచన కనబడితే చాపతో పాటు దాని అడ్డకొయ్యను కూడా డెక్ మీదికి దించేసేవారు. అందువల్ల టాప్‌గాలెంట్ పైన ఉత్త కొయ్య నిలబడి ఉన్నంత మాత్రాన ఆ ఓడకు రాయల్ లేదని తీర్మానించకూడదు. రాయల్ చిన్నది, తేలికైనది కాబట్టి దాన్ని చుట్టే పని ఎక్కువగా కుర్రవాళ్లకు అప్పగించేవారు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక స్తంభం మీద కింది నుంచి నాలుగు చాపలుంటే చిక్కు లేదు: కోర్స్, టాప్‌సెయిల్, టాప్‌గాలెంట్, రాయల్. అయిదు ఉంటే ఎక్కువగా కోర్స్, జంట టాప్‌సెయిళ్లు, ఒంటి టాప్‌గాలెంట్, రాయల్ అయి ఉంటాయి. కానీ ఆ అయిదూ కోర్స్, జంట టాప్‌సెయిళ్లు, జంట టాప్‌గాలెంట్లు కూడా కావచ్చు, అప్పుడు రాయలే లేదన్నమాట. ఇలా రాయల్ లేని ఓడను నావికులు బట్టతల ఓడ అన్నారు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు మీద దానికే జూబిలీ రిగ్ అనే గౌరవప్రదమైన పేరు కూడా వచ్చింది. అదంతా ఖర్చు తగ్గించుకునే ఏర్పాటు, పేరు మాత్రం ఘనం.

ఆరు చాపలున్నచోట రెండు ప్రసిద్ధమైన ఓడలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. 1869లో స్కాట్లండులోని డంబార్టన్‌లో కట్టిన టీ క్లిప్పర్, అంటే తేయాకు మోసే వేగపు ఓడ, కటీ సార్క్ మెయిన్ స్తంభం మీద ఆరు చదరపు చాపలున్నాయి: కోర్స్, లోయర్ టాప్‌సెయిల్, అప్పర్ టాప్‌సెయిల్, టాప్‌గాలెంట్, రాయల్, వాటన్నిటికీ పైన స్కైసెయిల్. 1902లో జర్మనీలో కట్టిన అయిదు స్తంభాల ఫుల్ రిగ్డ్ షిప్ ప్రాయిసెన్ ప్రతి స్తంభం మీదా ఆరు చాపలే. అక్కడ వరుస వేరు: కోర్స్, లోయర్ టాప్‌సెయిల్, అప్పర్ టాప్‌సెయిల్, లోయర్ టాప్‌గాలెంట్, అప్పర్ టాప్‌గాలెంట్, రాయల్. సంఖ్య ఒకటే, నాలుగో చాప నుంచి పేర్లు మారిపోయాయి. ఉత్త లెక్కతో ఇది తేలదు. క్రాస్‌ట్రీస్‌కు పైనున్న మొదటి రెండు చాపలను పోల్చాలి. రెండూ పొట్టిగా ఒకదానికొకటి జతగా కుదిరినట్లుంటే జంట టాప్‌గాలెంట్లు. కిందిది నిలువుగా పెద్దదై, దాని మీదివి ఒక్కొక్కటిగా చిన్నవవుతూ పోతే ఒంటి టాప్‌గాలెంట్, దాని మీద రాయల్, స్కైసెయిల్. చాపలు చుట్టి ఉన్న ఫోటో అయితే మళ్లీ అడ్డకొయ్యల జంటలు చూడాలి. ప్రాయిసెన్ తరహా ఓడలో దగ్గరగా వచ్చిన కొయ్యల జంటలు రెండు కనిపిస్తాయి, కటీ సార్క్‌లో ఒక్కటే.

ఆరో మెట్టు: రాయల్‌కు పైన, పక్కన

స్కైసెయిల్ అన్ని ఓడలకూ ఉండదు, ఉన్న ఓడలోనూ అన్ని స్తంభాల మీదా ఉండాలని లేదు. కటీ సార్క్‌కు మెయిన్ మీద మాత్రమే ఉంది. దానికి కూడా పైన మూన్‌సెయిల్ లేదా మూన్‌రేకర్ అనే చాప కట్టిన క్లిప్పర్లు ఉన్నాయి. గాలి దాదాపు పడిపోయినప్పుడు తప్ప వాటితో ప్రయోజనం లేదు, వాటిని మోయడంలో కెప్టెన్ల డాబు కొంత ఉందనే అనుకోవాలి.

పక్కలకు సాగే చాపలను స్టడింగ్‌సెయిళ్లంటారు, నోటిలో అవి స్టన్సిళ్లు. వెనుక నుంచి తేలికైన గాలి వీస్తున్నప్పుడు అడ్డకొయ్యల చివర నుంచి సన్నని గెడలను బయటికి తోసి, వాటికి ఈ చాపలను కట్టేవారు. పేరు పెట్టేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. టాప్‌సెయిల్ పక్కనున్నది టాప్‌మాస్ట్ స్టడింగ్‌సెయిల్. టాప్‌సెయిల్ స్టడింగ్‌సెయిల్ అనరు. దానికి పైనున్నవి మాత్రం మామూలుగానే టాప్‌గాలెంట్ స్టడింగ్‌సెయిల్, రాయల్ స్టడింగ్‌సెయిల్.

ఏడో మెట్టు: పూర్తి పేరు కూర్చడం

స్తంభం పేరు, అంతస్తు పేరు వరుసగా చేర్చండి: ఫోర్ రాయల్, మెయిన్ టాప్‌గాలెంట్, మిజెన్ టాప్‌సెయిల్. జంట చాపలైతే అప్పర్, లోయర్ కలుస్తాయి: మెయిన్ అప్పర్ టాప్‌సెయిల్. కొందరు రచయితలు అప్పర్ మెయిన్ టాప్‌సెయిల్ అని క్రమం మార్చి రాస్తారు. రెండూ ఒకటే. మీ రచనలో ఏదో ఒక క్రమాన్ని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. చాపను మోసే అడ్డకొయ్యకూ, దాన్ని లాగే తాళ్లకూ కూడా చాప పేరే వస్తుంది: మెయిన్ రాయల్ యార్డ్, మెయిన్ రాయల్ హాల్‌యార్డ్, మెయిన్ రాయల్ షీట్. అందుకే చాప పేరు తప్పితే తాళ్ల పట్టిక మొత్తం తప్పుతుంది, నమూనా తయారు చేసేవారికి దీని బాధ ఎక్కువ.

అయిదు స్తంభాలు వచ్చేసరికి పేర్లు ఓడ సొంతదారుల ఇష్టాన్ని బట్టి కూడా మారాయి. ప్రాయిసెన్ నాలుగో స్తంభానికి ఆ ఓడ యజమానుల ఇంటిపేరు లైస్ అని పెట్టుకున్నారు. ఫ్రెంచి ఓడల వివరాలలో అంతస్తుల పేర్లు మరోలా ఉంటాయి, యానాం చరిత్రకారులకు వాటితో అవసరం రావచ్చు. టాప్‌సెయిల్‌ను ఫ్రెంచివారు యునియే అంటారు, టాప్‌గాలెంట్‌ను పెరోకే, అంటే చిలక, రాయల్‌ను కకతువా, అంటే కాకటూ పిట్ట.

ఎనిమిదో మెట్టు: ఏవి విప్పి ఉన్నాయో చూసి గాలిని చదవడం

పేర్లు తెలిశాక బొమ్మ మాట్లాడటం మొదలుపెడుతుంది. చదరపు చాపల ఓడలో చాపలను పైనుంచి కిందికి చుట్టుకుంటూ వస్తారు. ఎత్తున ఉన్న చాప పొడవైన సన్నని కొయ్య మీద బరువు మోపి ఓడను పక్కకు వంచుతుంది, విరిగితే మొదట విరిగేదీ ఆ కొయ్యే. అందుచేత స్కైసెయిల్ ముందు పోతుంది, తరువాత రాయల్, ఆ తరువాత టాప్‌గాలెంట్. టాప్‌సెయిల్ చివరిదాకా నిలుస్తుంది.

బ్రిటిష్ నావికాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1806లో రాసుకున్న గాలి కొలమానానికి ఈ క్రమమే ఆధారమయింది, దాన్ని బ్రిటిష్ నౌకాదళం 1838లో అధికారికంగా స్వీకరించింది. ఇవాళ వాతావరణ వార్తలలో వినిపించే బోఫర్ట్ అంకెలు గంటకు కిలోమీటర్ల లెక్కతో పుట్టలేదు. గాలికి కాస్త ఎదురుగా, శత్రువును తరుముతూ పోయే మంచి యుద్ధనౌక ఎన్ని చాపలు మోయగలదనేదే నాటి కొలత. 5వ అంకె దగ్గర రాయల్స్ మోయగలదు. 6 దగ్గర రాయల్స్ పోయి, ఒక రీఫ్ వేసిన టాప్‌సెయిళ్లు, టాప్‌గాలెంట్లు మిగులుతాయి. 7 దగ్గర టాప్‌సెయిళ్లకు రెండు రీఫ్‌లు, 8 దగ్గర మూడు. 9 దగ్గర పూర్తిగా రీఫ్ చేసిన టాప్‌సెయిళ్లు, కోర్స్‌లు. 10 వచ్చేసరికి పూర్తిగా రీఫ్ చేసిన మెయిన్ టాప్‌సెయిల్, రీఫ్ చేసిన ముందు కోర్స్ మోయడమే గగనం. 12 దగ్గర ఏ గుడ్డా నిలవదు.

దీన్ని తిప్పి వాడండి. చిత్రంలో సముద్రం ఉప్పొంగుతూ ఉండి, ఓడ మీద రాయల్స్ నిండుగా విప్పి ఉంటే ఆ చిత్రకారుడు ఓడ ఎక్కి ఉండడు. అనువాదం చేసేటప్పుడు కూడా టాప్‌గాలెంట్లు చుట్టారు అనే వాక్యాన్ని తెరచాపలు దించారు అని రాసేస్తే గాలి ఎంత పెరిగిందనే సమాచారమే పోతుంది.

తొమ్మిదో మెట్టు: ఒక చాప విప్పడం, చుట్టడం వెంట నడవడం

మెయిన్ రాయల్‌ను తీసుకుందాం. విప్పేటప్పుడు ఒకరు పైకెక్కి, అడ్డకొయ్యకు చాపను చుట్టి ఉంచిన గాస్కెట్లనే కట్లు విప్పుతారు. గుడ్డ మడతలుగా కిందికి వేలాడుతుంది, దాన్ని పైకి పట్టి ఉంచే బంట్‌లైన్, క్లూలైన్ తాళ్లను డెక్ మీద వదులు చేస్తారు. తరువాత షీట్లు లాగి, చాప కింది మూలలను దిగువ టాప్‌గాలెంట్ అడ్డకొయ్య చివరలకు బిగిస్తారు. చివరగా హాల్‌యార్డ్ లాగితే రాయల్ అడ్డకొయ్య పైకి లేచి గుడ్డ బిగుసుకుంటుంది. గాలి వాటాన్ని బట్టి కొయ్యను ఇటూ అటూ తిప్పడానికి బ్రేస్ అనే తాళ్లున్నాయి.

చుట్టేటప్పుడు క్రమం తిరగబడుతుంది. హాల్‌యార్డ్ వదిలితే కొయ్య దిగుతుంది. షీట్లు వదిలి క్లూలైన్లు, బంట్‌లైన్లు లాగితే గుడ్డ ముడుచుకుని కొయ్య కిందికి చేరుతుంది. అప్పుడు మనిషి ఎక్కుతాడు. కొయ్య కింద ఉరిలాగా వేలాడే ఫుట్‌రోప్ మీద కాళ్లు ఆనించి, పొట్టను కొయ్యకు అదిమి, రెండు చేతులా గుడ్డను పిడికిళ్లతో పోగుచేసి కొయ్య మీదికి దొర్లించి గాస్కెట్లు చుడతాడు. విక్టరీ మెయిన్ స్తంభపు కొస నీటి మట్టం నుంచి 205 అడుగులు. రాయల్ మీద పనిచేసే కుర్రవాడు దానికి కాస్త దిగువన, ఓడ ఊగినప్పుడల్లా సముద్రం మీదికి వాలే కొయ్యను పట్టుకుని ఉంటాడు.

పదో మెట్టు: పేరు కలిసినా జాతి కలవని చాపలు

చివరగా, పట్టికలోకి పొరపాటున వచ్చి చేరేవాటిని ఏరివేయాలి. స్తంభాల మధ్య ఏటవాలుగా కట్టిన తాళ్ల మీద వేలాడే త్రికోణపు చాపలు స్టేసెయిళ్లు. మెయిన్ టాప్‌గాలెంట్ స్టేసెయిల్ ఫోర్, మెయిన్ స్తంభాల మధ్య ఉంటుంది, అయినా మెయిన్ నుంచి ముందుకు దిగే తాడు మీద వేలాడుతుంది కాబట్టి దాని పేరులో మెయిన్ వచ్చింది. బార్క్ చివరి స్తంభం మీద, పొడవు వెంబడి ఉండే పెద్ద చాపకు పైన కట్టే త్రికోణాన్ని గాఫ్ టాప్‌సెయిల్ అంటారు. పేరులో టాప్‌సెయిల్ ఉన్నా దానికి అడ్డకొయ్య లేదు, మన అంతస్తుల లెక్కలో దానికి చోటు లేదు. టాప్‌సెయిల్ స్కూనర్ అనే ఓడలో మాత్రం ముందు స్తంభం మీద అసలైన చదరపు టాప్‌సెయిలే ఉంటుంది, కింద కోర్స్ లేకపోయినా సరే.

సాధనకు ముందుగా ట్రింకోమలీ, తరువాత కటీ సార్క్, ఆపైన నాలుగు స్తంభాల ఉక్కు బార్క్ ఏదైనా తీసుకోండి. 1926లో పాదువా పేరుతో కట్టి, ఇప్పుడు రష్యన్ శిక్షణ నౌకగా తిరుగుతున్న క్రూజెన్‌ష్టెర్న్ అందుకు తగినది. చాపలు విప్పిన ఫోటో ఒకటి, చుట్టిన ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకుని, కాగితం మీద స్తంభాలు గీసి, కోర్స్ నుంచి పైకి పేర్లు రాసుకుంటూ వెళ్లండి. బార్క్ కనుక నాలుగో స్తంభాన్ని ఖాళీగా వదిలేయాలి. మిగిలిన మూడింటి మీదా పేర్ల వరుస ఒకేలా రాకపోతే టాప్ వేదిక దగ్గరికి తిరిగివచ్చి, అడ్డకొయ్యల జంటలను మళ్లీ లెక్కపెట్టండి.